సారె దిగిన తర్వాత

కుండలు చేసే కళాకారులనగానే మన కళ్ళ ముందు కదిలే బొమ్మ ఒకటే: గిర్రున తిరిగే సారె, దాని మీద తడి మట్టి ముద్ద, రెండు చేతుల మధ్య లేచి నిలబడే పాత్ర. సినిమాల్లోనూ ప్రకటనల్లోనూ చూపించేది అదే. చూడముచ్చటైన పనే, కాదనలేం. అయితే చెయ్యి తిరిగిన మనిషికి సారె మీద ఒక గిన్నె చెయ్యడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ గిన్నె ఆరి, అడుగు చెక్కించుకొని, ఒకసారి కాలి, గ్లేజు పూత పూయించుకొని, రెండోసారి కాలి, చల్లారి బయటికి రావడానికి వారాలు పడుతుంది. చాలామంది దృష్టి ఆ వారాల మీదికి పోదు. ఈ కాలపు సిరామిక్ కళాకారుల అసలు విద్య ఆ వారాల్లోనే ఉందని నేనంటాను. పాత్ర ఎలా ఉండబోతోందో తేలేది చెయ్యి చొరలేని చోట, వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీ లోపల. అక్కడ ఏం జరగాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అందుకు కావలసిన తెలివిని పరీక్షల మీద పరీక్షలు చేసి, ఫలితాలు రాసి పెట్టుకొని, తామే కూడబెట్టుకోవాలి. స్టూడియోలో సారె కంటే నోటు పుస్తకం ముఖ్యమని నేను చెప్పడం అందుకే.

ఊళ్ళో కుమ్మరి ఏ నోటు పుస్తకం పెట్టుకున్నాడని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబులోనే స్టూడియో పని స్వభావం బయటపడుతుంది. కుమ్మరికి మట్టి ఏ చెరువులో ఎంత లోతున తవ్వాలో తాత ముత్తాతల నాటి నుంచి తెలుసు. ఆ మట్టిలో ఎంత ఇసుక కలపాలో, ఎన్నాళ్ళు నాననివ్వాలో, ఆవం ఎలా పేర్చాలో, పొగ రంగు ఎప్పుడు మారుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒకే మట్టి, ఒకే రకం వంటచెరకు, దాదాపు ఒకే వేడి. ఆవం వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. తరాల తరబడి మారని ఈ పరిస్థితుల్లో, పరీక్షలన్నీ ఎప్పుడో పూర్వీకులు చేసేశారు. వాటి ఫలితాలు మనుషుల చేతుల్లో నిలిచిపోయాయి. స్టూడియో కళాకారుడికి ఈ వారసత్వం లేదు. అతను పుట్టిన ఊరొకటి, పని నేర్చుకున్న దేశం ఇంకొకటి, బట్టీ కట్టుకున్న చోటు మరొకటి. మట్టి సంచుల్లో వస్తుంది, రసాయనాలు డబ్బాల్లో వస్తాయి. తనకు నచ్చిన పాత్ర వెయ్యేళ్ళ కిందటి చైనాదో కొరియాదో కావచ్చు. అన్నీ తెచ్చుకోగలిగాడు గాని, వాటిని కలిపే అనుభవాన్ని తెచ్చుకోలేడు.

స్టూడియో పాటరీ చరిత్ర మొదట్లోనే ఈ కష్టం కనిపిస్తుంది. హాంకాంగ్‌లో పుట్టి, జపాన్‌లో కుండల పని నేర్చుకున్న ఆంగ్లేయుడు బెర్నార్డ్ లీచ్ 1920లో ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ ప్రాంతంలోని సెయింట్ ఐవ్స్‌లో స్టూడియో పెట్టాడు. వెంట వచ్చినవాడు షోజీ హమదా, తర్వాతి కాలంలో జపాన్ గర్వించిన కుండల కళాకారుడు. ఇద్దరూ అసాధారణ ప్రజ్ఞావంతులు. అయినా అక్కడి మట్టి వాళ్ళకు కొత్త, కట్టె కరువు, వాళ్ళు కట్టుకున్న మొదటి బట్టీ సరిగ్గా పనిచెయ్యలేదు. చివరికి క్యోటోలోని కుమ్మరుల కుటుంబం నుంచి వచ్చిన మత్సుబయాషి అనే బట్టీల నిపుణుడు మూడు గదులుగా మెట్లు మెట్లుగా లేచే బట్టీ కట్టి ఇచ్చాడు. ఆకారం మీద అంత అధికారం ఉన్న ఇద్దరు కళాకారులు నిప్పు దగ్గర ఇంకొకరి మీద ఆధారపడ్డారంటే, ఈ కళలో బరువు ఎటు ఉందో తెలుస్తుంది. లీచ్ 1940లో అచ్చు వేసిన ‘ఎ పాటర్స్ బుక్’ ఆ తర్వాత రెండు మూడు తరాలకు పాఠ్యగ్రంథంలా ఉపయోగపడింది. అందులో సౌందర్య చర్చ ఎంత ఉందో, మట్టి పాళ్ళూ గ్లేజు పాళ్ళూ బట్టీల కొలతలూ అంత ఉన్నాయి.

మన దేశంలోనూ కథ ఇంచుమించు ఇలాగే నడిచింది. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్ళి అక్కడ లీచ్, హమదాలను కలిశాడు. తిరిగి వచ్చాక 1952లో ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీ స్థాపించాడు. 1971లో అమెరికా నుంచి వచ్చిన రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. స్మిత్ జపాన్‌లో పని చూసి వచ్చింది, మీకర్ వాస్తుకళ, సిరామిక్స్ చదివాడు. అక్కడి తీరంలో విరివిగా పెరిగే సరుగుడు కట్టెతో బట్టీలు కాల్చారు, దేశంలో దొరికే ముడి సరుకుకు తగిన పాళ్ళు తామే వెతుక్కున్నారు. ఇవాళ భారతీయ సిరామిక్ రంగంలో పేరున్నవాళ్ళలో ఎంతోమంది ఆ ప్రాంగణంలో పని నేర్చుకున్నవాళ్ళే. పుదుచ్చేరి నుంచి కూతవేటు దూరంలోనే అరికమేడు ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ ప్రపంచం నుంచి వచ్చిన ఎర్రమట్టి పాత్రల పెంకులు అక్కడ తవ్వకాల్లో దొరికాయి. కుండలు సముద్రాలు దాటి రావడం ఆ నేలకు కొత్త కాదు. కుండతో పాటు దాన్ని కాల్చే తెలివి కూడా దాటి వచ్చి నాటుకోవడానికి మాత్రం ఏళ్ళ పని కావలసి వచ్చింది.

ఆ పని ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. ముందు మట్టి. స్టూడియోలో వాడేది సాధారణంగా నాలుగైదు పదార్థాల మిశ్రమం. తెల్లటి చైనా క్లే మంటకు తట్టుకుంటుంది గాని జిగురు తక్కువ. జిగురు కోసం బాల్ క్లే కలుపుతారు. ఏలూరు జిల్లాలోని ద్వారకా తిరుమల ప్రాంతపు బాల్ క్లే ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన సరుకు. పలుగురాయి పొడి ఒంటికి గట్టిదనం ఇస్తుంది. ఫెల్డ్‌స్పార్ ఎక్కువ వేడిలో కరిగి మిగతా కణాలను అతుకుతుంది. నెల్లూరు ప్రాంతంలోని గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనులున్న నేలలో ఈ రాళ్ళు కూడా దొరుకుతాయి. వీటి పాళ్ళు ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయినా మట్టి నడత మారిపోతుంది. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది కదా, ఎక్కువ వేడిలో కాలే స్టోన్‌వేర్ మట్టి పొడవులో మొత్తం 12 శాతం దాకా తగ్గడం మామూలు. అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు కప్పు కావాలంటే సారె మీద 11.4 సెంటీమీటర్లు చెయ్యాలి. ఘనపరిమాణంలో లెక్క వేస్తే దాదాపు మూడో వంతు మాయమవుతుంది. మూత, కూజా విడివిడిగా చేసి, రెండూ కాలిన తర్వాత కూడా ఒకదానిలో ఒకటి ఒదగాలంటే, ఇంకా లేని వస్తువు కొలతలు మనసులో పెట్టుకొని పని చెయ్యాలి. పిడి అతికించడానికి కప్పు మరీ తడిగా ఉండకూడదు, మరీ ఆరిపోనూ కూడదు. సగం ఆరి, పట్టుకుంటే ఆకారం చెడకుండా, గోరు గుచ్చితే దిగేలా ఉన్నప్పుడు అతకాలి. కప్పు ఒక తీరున, పిడి ఒక తీరున ఆరితే అతుకు దగ్గర పగులుతుంది. ఆ పగులు చాలాసార్లు కాలిన తర్వాతే కనబడుతుంది.

తర్వాత గ్లేజు. పింగాణీ పాత్ర మీద మెరిసే పూత నిజానికి గాజు. గాజుకు మూలమైన సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. అంత వేడికి కింద ఉన్న పాత్ర నిలవదు. అందుకని సున్నం, ఫెల్డ్‌స్పార్, కట్టె బూడిద వంటివి కలిపి కరిగే వేడిని 1200, 1300 డిగ్రీల దగ్గరికి దింపుతారు. కరిగినది పాత్ర మీద నుంచి నీళ్ళలా జారిపోకుండా చైనా క్లే రూపంలో అల్యూమినా చేర్చి చిక్కబరుస్తారు. సూత్రం ఇంతే. చిక్కంతా పాళ్ళలో ఉంది. మూడు పదార్థాలు తీసుకొని పది శాతం మెట్లుగా వాటి కలయికలన్నీ పరీక్షించాలంటే 66 మిశ్రమాలవుతాయి. రెండు రకాల మట్టి మీద, రెండు రకాల మంటలో చూడాలంటే 264 పరీక్ష బిళ్ళలు. ఇంకా అందులో రంగు చేరలేదు. ఒక్కో బిళ్ళకు అంకె వేసి, పాళ్ళు రాసి, బట్టీలో ఏ అరలో పెట్టారో గుర్తు పెట్టి, కాలిన తర్వాత ఏమైందో మళ్ళీ రాయాలి. ఏ స్టూడియోలోకి వెళ్ళినా గోడ మీద వరసలుగా వేలాడే ఈ బిళ్ళలే కళాకారుడి ఆస్తి. వాటిలో తొంభై పాళ్ళు పనికిరానివిగా కనిపించవచ్చు. ఒక గ్లేజు ఎందుకు పనికిరాదో తెలిస్తేనే ఇంకొకటి ఎటు వెతకాలో తెలుస్తుంది.

గ్లేజు పాత్రకు అతకడం కూడా ఒక లెక్కే. చల్లారేటప్పుడు పాత్ర కంటే గ్లేజు ఎక్కువ కుదించుకుంటే దాని మీద సాలెగూడులా సన్నటి చీలికలు వస్తాయి. తక్కువ కుదించుకుంటే అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది. మొదటిదాన్ని సరిచెయ్యడానికి గ్లేజులో సిలికా పెంచుతారు. సాంగ్ వంశపు కాలంలో చైనా కుమ్మరులు ఈ చీలికలనే అందంగా మలిచి, కావాలని రప్పించారు. తప్పుకూ అలంకారానికీ మధ్య గీత ఇక్కడ చేసినవాడి ఎరుక మీద ఆధారపడి ఉంది. ఎందుకు వచ్చిందో తెలిసి, మళ్ళీ రప్పించగలిగితే అది అలంకారం.

ఇక నిప్పు. బట్టీలో ఎంత వేడి ఉందో చెప్పే మీటర్లు ఉన్నాయి, కానీ కళాకారులు ఇప్పటికీ చిన్న శంకువుల్ని నమ్ముతారు. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ సెగర్ 1886లో రూపొందించిన ఈ శంకువులు గ్లేజుకు వాడే పదార్థాలతోనే చేసినవి. నిర్ణీత స్థాయిలో మెత్తబడి వంగుతాయి. బెల్లం పాకం లేతదా ముదురుదా అన్నది పొయ్యి సెగతో పాటు ఎంతసేపు ఉంచామన్నదాని మీద ఎలా ఆధారపడుతుందో, మట్టి విషయంలోనూ వేడీ కాలమూ కలిసి పనిచేస్తాయి. ఆ కలిసిన ఫలితాన్ని శంకువు చూపుతుంది. తొలి విడత కాల్చేటప్పుడు సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి తన నిర్మాణంలోనే ఇముడ్చుకున్న నీటిని వదులుతుంది. ఆ దశ దాటాక అది మళ్ళీ ఎన్నటికీ నాని మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి కణాలు ఉన్నట్టుండి ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే చోట కుదించుకుంటాయి. ఆత్రపడి బట్టీ తలుపు ముందే తెరిస్తే పాత్ర నిలువునా చీలేది ఇలాంటి చోట్లే. మంటకు అందే గాలిని తగ్గిస్తే లోపలి పొగ వాయువులు గ్లేజులోని లోహాల నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. గాలి ధారాళంగా ఉన్నప్పుడు ఆకుపచ్చనిచ్చే రాగి అప్పుడు నెత్తుటి ఎరుపు తిరుగుతుంది. ఒకటి రెండు శాతం ఇనుము సముద్రపు లేత పచ్చనిస్తుంది, అదే ఇనుము ఎనిమిది పది శాతమైతే నల్లగా, అంచుల్లో గోధుమవన్నెగా దిగుతుంది. బట్టీలో ఎక్కడ పేర్చారు, పక్కన ఏ పాత్ర ఉంది, గాలి ఎటు తిరుగుతుంది అన్నవి కూడా రంగును మారుస్తాయి. పేర్చడానికే పూట గడిచిపోయినా ఆశ్చర్యం లేదు.

ఇంత లెక్క చెబితే ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. సిరామిక్ కళలో గొప్పదనమంతా అనుకోకుండా దొరికే వరంలోనే ఉందని చాలామంది నమ్మకం. జపాన్‌లోని బిజెన్ పాత్రలకు గ్లేజు పూయరు. రోజుల తరబడి కట్టెతో కాలిస్తే ఎగిరిన బూడిద పాత్ర భుజాల మీద వాలి, కరిగి, అదే పూత అవుతుంది. ఎక్కడ ఎంత వాలుతుందో ఎవరు చెప్పగలరు? నిజమే, పాత్రకు పాత్రకు ఉండే తేడాను ఎవరూ ముందుగా గీసి చూపలేరు. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ బట్టీ నోటికి దగ్గరగా ఉన్నవాటి మీద బూడిద ఎక్కువ వాలుతుందనీ, వెనక అరల్లోవాటికి మంట నాలుకల రంగు మాత్రమే తగులుతుందనీ వాళ్ళకు తెలుసు. పాత్రల మధ్య వరిగడ్డి చుట్టి కాలిస్తే అది తాకిన మేర ఎర్రటి చారలు పడతాయనీ తెలుసు. అందుకే ఏ పాత్ర ఎక్కడ కూర్చోవాలో చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. అనుకోనిది జరగడానికి ఎంత చోటు ఇవ్వాలో కూడా ఒక నిర్ణయమే. తెలియనివాడి బట్టీలో కూడా అనూహ్యమైనవి జరుగుతాయి, అరకు కరిగి అంటుకుపోయిన గిన్నెలూ బుడగలు తేలిన గ్లేజులూ వస్తాయి. ఆ రెండు రకాల ఆకస్మికత ఒకటే అయితే, బిజెన్ కుమ్మరికి కొన్ని వందల ఏళ్ళ సాధన అక్కర్లేకపోయేది.

రెండో అభ్యంతరం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మీట నొక్కితే చాలు, అంకెలు చూసుకొని తనంత తానే వేడెక్కి చల్లారే కరెంటు బట్టీలు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. గ్లేజు కూడా తయారుగా డబ్బాలో దొరుకుతుంది. మరి నిప్పు విద్య ఎవరికి కావాలి? దీనికి లూసీ రీ పని మంచి జవాబు. వియన్నాలో పుట్టిన ఆమె 1938లో నాజీల నుంచి తప్పించుకొని లండన్ చేరింది. యుద్ధకాలంలో సిరామిక్ గుండీలు చేసి బతికింది. చిన్న స్టూడియోలో, కరెంటు బట్టీలో, పచ్చి పాత్ర మీదే కుంచెతో గ్లేజు పూసి ఒక్క విడతలోనే కాల్చేది. కట్టె మంట లేదు, పొగ లేదు, బూడిద లేదు. అలాంటి బట్టీ నుంచి నురగలాంటి, గుంటలు తేలిన, లావా చల్లారినట్టుండే ఉపరితలాలు తీసింది. మట్టిలోనూ గ్లేజులోనూ ఏది కలిపితే కరిగేటప్పుడు వాయువు పుట్టి ఆ గుంటలు వస్తాయో పట్టుకోవడానికి ఆమె చేసిన వెతుకులాట అంతా ఇంతా కాదు. యంత్రం వేడిని సమంగా ఇస్తుంది. ఆ వేడిలో ఏం జరగాలన్నది మనిషే తేల్చుకోవాలి. డబ్బా గ్లేజుతో ఆగిపోయినవాళ్ళు చక్కటి వస్తువులు చెయ్యగలరు, అందులో తప్పేమీ లేదు. వాళ్ళ పాత్రల మీద ఉన్న రంగు మాత్రం ఆ డబ్బా తయారు చేసినవారి విద్య.

మరి చేతి పని అంతా ఇతరులు చేసినప్పుడు? 2010లో చైనా కళాకారుడు ఐ వైవై లండన్‌లోని టేట్ మోడర్న్ హాల్లో పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. అన్నీ పింగాణీవే. జింగ్‌డెజెన్ అనే పింగాణీ పట్టణంలో సుమారు 1,600 మంది చేత చేయించినవి, ఒక్కొక్కటీ చేత్తో రంగు వేసినవి. ఊహ ఆయనది, అందులో సందేహం లేదు. కానీ ఆ ఊహ గింజగా మారడానికి ఆధారం జింగ్‌డెజెన్‌లో వెయ్యేళ్ళకు పైగా పోగుపడిన నేర్పు. ఆ ఊరు లేకపోతే ఆ కళాఖండం లేదు. దీన్ని నేను నా వాదనకు ఎదురుగా చూడను. నేర్పు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలనీ, ఒక మనిషి పుస్తకంలో లేకపోతే ఒక ఊరి చేతుల్లో ఉండాలనీ ఇది చూపుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. జనం ఆ గింజల మీద నడుస్తుంటే లేచిన ధూళి ఆరోగ్యానికి మంచిది కాదని కొద్ది రోజుల్లోనే నడకను ఆపించారు. పొడి మట్టి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. తెలిసిన స్టూడియోల్లో నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచేది అందుకే. తినే పాత్రల గ్లేజుల్లో సీసం వాడకపోవడమూ అలాంటి నియమమే.

పెద్ద పనులు వచ్చేసరికి ముందుచూపు భారం ఇంకా పెరుగుతుంది. మన ప్రాంతం నుంచి బరోడా వెళ్ళి సిరామిక్స్ చదివి, ఢిల్లీలో స్థిరపడిన పి.ఆర్. దరోజ్ భారీ కుడ్యాలకూ ద్వారాలకూ పేరు పొందాడు. గోడంత పనిని ఏ బట్టీ పట్టదు. ముక్కలుగా కోసి, అంకెలు వేసి, విడివిడిగా కాల్చి, గోడ మీద మళ్ళీ కలపాలి. ప్రతి ముక్కా కుంచించుకుంటుంది, వంగాలని చూస్తుంది. కీళ్ళన్నీ కలవాలంటే గీత గీసేనాడే ఆ వంపు తెలిసి ఉండాలి. రే మీకర్ 1980లలో ఇంకా ముందుకు వెళ్ళి ఇంటినే కాల్చాడు. పచ్చి మట్టి ఇటుకలతో గుమ్మటం ఇల్లు కట్టి, లోపల ఇటుకలు, పెంకులు పేర్చి, ఇంటినే బట్టీగా మార్చి మంట పెట్టడం ఆ పద్ధతి. లోపల కాలిన సరుకు అమ్మితే కట్టె ఖర్చులో కొంత తిరిగి వస్తుందన్నది ఆలోచన. కట్టె వాడకం, మందపాటి గోడల్లో వేడి సమంగా అందకపోవడం వంటి చిక్కులు అందులో ఉన్నాయి. చవక ఇళ్ళ సమస్యకు అది పెద్ద ఎత్తున పరిష్కారం కాలేదు. అయినా చిన్న కప్పు కోసం నేర్చిన నిప్పు విద్య ఇంటి దాకా సాగగలదని రుజువు చేసింది.

కప్పు ధర గురించి జనం అడిగే ప్రశ్న న్యాయమైనది. ఫ్యాక్టరీ కప్పు వంద రూపాయల లోపు దొరుకుతుంటే, స్టూడియో కప్పుకు దానికి ఎన్నో రెట్లు ఎందుకివ్వాలి? కాఫీ తాగడానికే అయితే ఇవ్వనక్కర్లేదు. ఫ్యాక్టరీ కప్పు గట్టిది, శుభ్రమైనది, దాన్ని చిన్నచూపు చూడడానికి కారణం లేదు. ఫ్యాక్టరీలో పరీక్షల ఖర్చు లక్షల కప్పుల మీద పరుచుకుంటుంది. స్టూడియోలో అదే ఖర్చు కొన్ని వందల కప్పుల మీద పడుతుంది. పోయిన బిళ్ళలు, పగిలిన పాత్రలు, ఒక్కోసారి మొత్తం పోయిన బట్టీ, ఇవన్నీ నిలిచిన కప్పు ధరలోనే ఉంటాయి. నన్నడిగితే మన ఊళ్ళ కుండకు ఇస్తున్న ధరే అసలు అన్యాయం. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెతలో ఆ శ్రమను గుర్తించాం గాని బేరంలో గుర్తించలేదు. చెరువులు పూడి, మట్టి తవ్వుకునే హక్కులు పోయి, పిల్లలు వేరే పనులకు మళ్ళుతున్న ఈ కాలంలో ఆ కుటుంబాల ఎరుక కాగితం మీదికి ఎక్కకుండానే పోతోంది. ఏ చెరువు మట్టి ఏ పాళ్ళలో, ఏ వేడికి ఎలా నడుచుకుంటుందో స్టూడియో కళాకారులు తమ బిళ్ళలకు చేసినట్టే రాసి పెట్టే పని చెయ్యగలిగిన విద్య మన దగ్గర ఉంది. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది, మన లలితకళా విభాగాలున్నాయి. కుమ్మరులకు గురుస్థానమూ తగిన జీతమూ ఇచ్చి మొదలుపెట్టవలసిన పని ఇది.

ఈసారి సిరామిక్ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, అనుమతి ఉంటే, పాత్రను తిరగేసి అడుగు చూడండి. గ్లేజు ఎక్కడ ఆగిందో, అంచు దగ్గర కరిగి చిక్కగా గడ్డకట్టిందో లేక పలచగా తుడిచినట్టు ఆగిందో చూడండి. గ్లేజు లేని చోట మట్టి ఒళ్ళు కనిపిస్తుంది. అది తెల్లగా ఉందా, ఇనుముతో గోధుమరంగు తేలిందా, నున్నగా ఉందా, ఇసుక తగులుతోందా గమనించండి. అడుగు వలయం చెక్కిన తీరులో గోడ మందం మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తుంది, చేత్తో ఎత్తినప్పుడు బరువు దాన్ని నిజమనో అబద్ధమనో చెబుతుంది. ఒక పక్క రంగు ముదిరి, ఇంకో పక్క లేతగా ఉంటే మంట ఎటు నుంచి వచ్చిందో ఊహించవచ్చు. ఆ తర్వాత పక్కన చేసినవారు నిలబడి ఉంటే, ఏ మట్టి, ఏ మంట, ఎన్ని బిళ్ళల తర్వాత ఈ రంగు దొరికిందని అడగండి. చాలామంది సంతోషంగా పాళ్ళతో సహా చెబుతారు.